‘ఏదీ, ఒకసారి చేసి చూపించండి’

సంపాదకుల వారికి నమస్కారం.

గత వారం మీ ఆరోగ్యం పేజీలో దీర్ఘకాలిక జబ్బుల మీద వచ్చిన వ్యాసం చదివాను. విషయమంతా బాగానే ఉంది. చివర్న ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. ఎంత చెప్పినా వినిపించుకోని రోగుల వల్లే షుగరు, బీపీ అదుపులోకి రావడం లేదట. నేను 31 ఏళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. అందులో ఆఖరి 14 ఏళ్లు షుగరు, బీపీ, గుండె జబ్బుల ఓపీలోనే గడిచాయి. ‘మాట వినడు’ అని కేసు షీట్ల మీద నా చేత్తో నేనూ రాశాను, ఒకరిద్దరికి కాదు. కాబట్టి ఆ వ్యాసం రాసిన డాక్టరుగారి మీద నాకు కోపం లేదు. నేను కూడా అలాగే అనుకున్న రోజులు ఉన్నాయి కనుక, అది ఎలా తప్పని తెలిసిందో చెబుదామని రాస్తున్నాను.

ఒక పెద్దాయన ఉండేవారు. 60 దాటిన వయసు, రెండు పూటలా ఇన్సులిన్. నెల తప్పకుండా వచ్చేవారు, వచ్చినప్పుడల్లా షుగరు ఎక్కువే. రెండు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఎవన్‌సీ పరీక్ష ఉంది కదా, చాలామందికి అది 7 శాతం లోపు ఉండాలని చూస్తాం. ఈయనకు 10 కిందికి ఏనాడూ దిగలేదు. డాక్టరుగారు రెండేసి యూనిట్లు పెంచుకుంటూ పోయారు. 24తో మొదలైన పొద్దుటి మోతాదు 40కి చేరింది. ప్రతిసారీ నేను “ఇన్సులిన్ సరిగ్గా వేసుకుంటున్నారా?” అని అడగడం, ఆయన “వేసుకుంటున్నానమ్మా” అనడం, నేను టిక్కు పెట్టడం. ఆయన గుమ్మం దాటగానే మా జూనియర్ నర్సుతో “ఈయన నోరు కట్టుకోడు, అదీ సంగతి” అనేదాన్ని.

ఒకరోజు ఓపీ పలచగా ఉంది. నాకేదో జ్ఞానోదయం అయిందని అనుకోకండి. చేతిలో పని లేదు, అంతే. “ఏదీ, ఎలా వేసుకుంటారో ఒకసారి చేసి చూపించండి” అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఇన్నేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. సంచిలోంచి పెన్ను తీశారు. అది తెల్లగా మబ్బుగా ఉండే రకం ఇన్సులిన్. కదపకుండా ఉంచితే మందు అడుగున పేరుకుంటుంది. ఆయన దాన్ని అరచేతుల మధ్య దొర్లించనే లేదు. సూది కొత్తది పెట్టలేదు, వారం నుంచీ అదే. చొక్కా ఎత్తి, చూపు కూడా అటు వేయకుండా, బొడ్డుకు కుడిపక్కన గుచ్చి, బొత్తాం నొక్కి, నొక్కిన చెయ్యి తీయకముందే సూది లాగేశారు. సూది మొనన ఒక బొట్టు వేలాడుతోంది.

నేను ఆ బొట్టు వంక కాదు, పొట్ట వంక చూశాను. బొడ్డుకు అటూ ఇటూ రెండు ఉబ్బులు. చూపుకు అంతగా ఆనవు. వేళ్లతో తడిమితే రబ్బరు ముక్కల్లా తగిలాయి. “ఇక్కడే ఎందుకండీ?” అంటే ఆయన నాకేదో చిట్కా చెబుతున్నట్టు, “అక్కడ పొడిస్తే నొప్పి తెలియదమ్మా, అందుకని మూడేళ్లుగా చోటు మార్చలేదు” అన్నారు.

ఒకేచోట పొడుస్తూ ఉంటే చర్మం కింద కొవ్వు ఉబ్బి గట్టిపడుతుంది. అక్కడ స్పర్శ తగ్గుతుంది కాబట్టి నొప్పీ ఉండదు. కానీ అందులోకి వెళ్లిన ఇన్సులిన్ ఒకరోజు ఒంటికి పడుతుంది, ఒకరోజు సరిగ్గా పట్టదు. మందు ఉంది, మనిషి తప్పకుండా వేసుకుంటున్నాడు, ఫలితం మాత్రం సున్నా. నొప్పి లేని చోటు వెతుక్కోవడం ఎవరైనా చేసే పనేగా! మాట విననిది ఆయన కాదు. మూడేళ్లలో ఆయన పొట్ట మీద ఒక్కసారి చెయ్యి వేసి చూడనిది నేను.

ఇక్కడితో ఆపితే నేను గొప్పదాన్ని అయిపోతాను. ఆపను. ఆ రోజు ఆయనకు అన్నీ నేర్పాను. పెన్నును పదిసార్లు దొర్లించి పదిసార్లు పైకీ కిందికీ వంచడం, సూది మార్చడం, గుచ్చాక పది లెక్కపెట్టి తీయడం, ఉబ్బుల జోలికి పోకుండా పొట్ట మీద వేరే చోట, తొడ మీద, ఒకదానికొకటి వేలి వెడల్పంత దూరంలో మార్చి మార్చి వేసుకోవడం. ఆయన చేత నాలుగుసార్లు చేయించి, సంతోషంగా ఇంటికి పంపి, నేనూ సంతోషంగా ఇంటికి వెళ్లాను. ఒక్కటి మరిచాను. ఉబ్బులోకి వెళ్లి సగం వృథా అయిన 40 యూనిట్లు ఇప్పుడు ఉబ్బు లేని మంచి చోట చర్మం కిందికి వెళ్తాయి. చోటు మార్చేటప్పుడు మోతాదు తగ్గించాల్సి రావచ్చు, షుగరు మరింత తరచుగా చూసుకోవాలి. ఇది పుస్తకంలో ఉన్న సంగతే. డాక్టరుగారికి ఆ పూటే చెప్పి మోతాదు మార్పించాలి. చెప్పలేదు.

మూడో రోజు తెల్లవారుజామున ఆయనకు చెమటలు, వణుకు, మాట తడబాటు. ఇంట్లో మిషను మీద చూస్తే 52. 70 కంటే తగ్గితేనే ప్రమాదం. అదృష్టం, వాళ్లావిడకు ఆ పాఠం వచ్చు. 15 గ్రాముల గ్లూకోజు కలిపి ఇచ్చి, 15 నిమిషాలు ఆగి మళ్లీ చూసింది. గండం గడిచింది. మర్నాడు ఆయన వచ్చి నా బల్ల ముందు కూర్చుని, “బాగు చేస్తానని చెప్పి చంపబోయావు గదమ్మా సిస్టరమ్మా” అన్నారు, నవ్వుతూనే. నా కాళ్లలో వణుకు మాత్రం సాయంత్రం దాకా తగ్గలేదు. డాక్టరుగారు నన్ను నాలుగు చివాట్లు వేసి మోతాదు తగ్గించారు. తగ్గిస్తూ తగ్గిస్తూ 28 దగ్గర నిలబడింది. మూడు నెలలకు హెచ్‌బీఎవన్‌సీ 7.8. అదే మనిషి, అదే మందు, అదే తిండి.

ఆ తర్వాత నా ఓపీలో ఇన్సులిన్ వేసుకునే ఎవరైనా ముందు చొక్కా ఎత్తాల్సిందే, చీర కొంగు పక్కకు జరపాల్సిందే. తెర లాగి, వేళ్లతో తడిమి చూశాకే మిగతా మాటలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ఒక నివేదిక ఇచ్చింది. ధనిక దేశాల్లో సైతం దీర్ఘకాలిక జబ్బుల చికిత్సను చెప్పినట్టు పాటించేవారు సగటున 50 శాతమేనని అందులో ఉంది. ఈ అంకె అందరూ ఎత్తి చూపిస్తారు. రోగికి కావలసింది తోడ్పాటు, నింద కాదని అదే నివేదిక చెప్పిన మాటను మాత్రం ఎవరూ ఎత్తరు. లెక్క వేసి చూడండి. నెలకోసారి వచ్చి మా దగ్గర పావుగంట గడిపితే ఏడాదికి 3 గంటలు. మిగిలిన 8,757 గంటలు ఆ మనిషికి ఆ మనిషే డాక్టరు, ఆ మనిషే నర్సు. మేం శిక్షణలో ఉన్నప్పుడు నర్సింగ్ సిద్ధాంతవేత్త డొరోథియా ఓరెం స్వీయ సంరక్షణ సిద్ధాంతాన్ని పరీక్ష కోసం బట్టీపట్టాం. మనిషి తన సంగతి తాను చూసుకోలేని మేరకే నర్సు చూడాలి, చూసుకోగలిగేలా తయారు చేయాలి అన్నది దాని సారం. మార్కులు బాగానే వచ్చాయి. అర్థం కావడానికి ఆ పెద్దాయన పొట్ట కావాల్సి వచ్చింది.

అడిగే తీరులోనే చాలా ఉంది. “రోజూ మాత్ర వేసుకుంటున్నారా?” అంటే ఎవరైనా అవుననే అంటారు. ఎదుటివాళ్లు తెల్ల బట్టల్లో ఉన్నప్పుడు కాదని చెప్పడానికి మొహమాటం. నేను తర్వాత తర్వాత ఇలా అడగడం మొదలుపెట్టాను: “అందరికీ ఒకటి రెండు పూటలు తప్పుతూనే ఉంటాయి. పోయిన వారంలో మీకు ఎన్ని తప్పి ఉంటాయి?” అప్పుడు చెబుతారు. ఒకావిడ చెప్పింది, బీపీ మాత్ర పొద్దుట వేసుకుంటే మంచం మీంచి లేచేసరికి కళ్లు చీకట్లు కమ్ముతున్నాయని, ఒకసారి పడిపోయిందని, అప్పట్నుంచీ రోజు విడిచి రోజు వేసుకుంటోందని. పడుకోబెట్టి బీపీ చూసి, లేపి నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూశాను. పై అంకె 20కి మించి పడిపోయింది. ఆవిడ షీటు మీద అంతకుముందు ఏం రాసి ఉందో మీరే ఊహించుకోండి. డాక్టరుగారు మందు మార్చారు. లేచేటప్పుడు మంచం అంచున కాసేపు కూర్చుని కాళ్లు ఆడించి లేవమని నేను నేర్పాను. ఆ తర్వాత ఆవిడ ఒక్క పూట మానలేదు.

బీపీ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, మా వృత్తిలో అందరికన్నా చులకనగా చేసే పని అదే. మెట్లెక్కి రొప్పుతూ వచ్చిన మనిషిని నిలబెట్టి, చొక్కా చేతి మీదుగా పట్టీ చుట్టి, “టోకెన్ ఎంత?” అని మాట్లాడిస్తూ కొట్టేస్తాం. వీపు ఆనించి, పాదాలు నేల మీద ఉంచి, ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, మూత్రానికి వెళ్లి రావాలి, మాట్లాడించకూడదు. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కనబడుతుంది. ఆ దొంగ అంకెను నమ్మి డాక్టరు ఇంకో మాత్ర చేరుస్తారు. మా ఓపీలో పెద్ద పట్టీ కోసం ఏడాదిన్నర అర్జీలు పెట్టాను. వచ్చింది. ఆ పట్టీ వచ్చిన వారంలోనే ఇద్దరికి కొత్తగా పెట్టాల్సిన మాత్ర పెట్టకుండా ఆగింది. ఆ అర్జీల కాగితాల ఖర్చే ఎక్కువై ఉంటుంది.

గుండె బలహీనపడి ఒంట్లో నీరు చేరేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు నేను ఇచ్చే మందు ఒక రూళ్ల పుస్తకం, పెన్సిలు. పొద్దున లేచి, మూత్రానికి వెళ్లొచ్చి, ఏమీ తినకముందు, రోజూ ఒకే మిషను మీద బరువు చూసి రాసుకోవాలి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. అంత త్వరగా కొవ్వు పట్టదు. ఆయాసం మొదలు కాకముందే బరువు చెబుతుంది. పక్కన ఇంకో గడి: రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకున్నారు? నీరు చేరితే వెల్లకిలా పడుకోగానే ఆయాసం వస్తుంది, తల ఎత్తు పెంచుకోవాల్సి వస్తుంది. ఒకటి రెండైతే, రెండు మూడైతే ఆ పూటే ఫోను చేయమని చెప్పేదాన్ని. డాక్టర్లు నవ్వేవాళ్లు, “ఏంటి సిస్టర్, దిండ్ల లెక్కలా?” అని. నవ్వినవాళ్లే తర్వాత రౌండ్స్‌లో “దిండ్లెన్ని?” అని అడగడం నా చెవులతో విన్నాను.

ఇది నా చాదస్తం కాదు. 1995లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరిశోధన వచ్చింది. గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరిన, 70 దాటిన 282 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు వైద్యం. రెండో జట్టుకు దాంతోపాటు ఒక నర్సు ముందుండి నడిపే కార్యక్రమం: జబ్బు గురించి విడమర్చి చెప్పడం, ఆహారం విషయంలో సలహా, మందుల జాబితా సరిచూడటం, ఇంటికి వెళ్లాక కనుక్కుంటూ ఉండటం. 90 రోజుల్లో గుండె వైఫల్యంతో తిరిగి ఆసుపత్రిలో చేరిన సందర్భాలు మామూలు జట్టులో 54, నర్సు చూసిన జట్టులో 24. కొత్త మందు ఏదైనా ఇంత పని చేసి ఉంటే దాని ప్రకటనలు మీ పత్రిక మొదటి పేజీలో వచ్చి ఉండేవి, క్షమించాలి.

షుగరు ఉన్నవాళ్ల పాదాలు చూడటానికి రెండు నిమిషాలు చాలు. 10 గ్రాముల ఒత్తిడి పెట్టే నైలాను దారం ఒకటి ఉంటుంది. కళ్లు మూసుకోమని, అది వంగేదాకా అరికాలికి ఆనించి “తెలిసిందా?” అని అడుగుతాం. తెలియకపోతే ఆ కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. చెప్పుల్లో కాలు పెట్టేముందు చెయ్యి పెట్టి చూసుకోండని అప్పుడు చెబితే తలకెక్కుతుంది, ఊరికే చెబితే ఎక్కదు. ఇక ఇన్‌హేలర్ సంగతి ఎత్తితే ఉత్తరం తెగదు. మూత తీయకుండా నొక్కినవాళ్లను చూశాను, ఊపిరి వదులుతూ నొక్కినవాళ్లను చూశాను. అందరూ “రోజూ వాడుతున్నాం సిస్టర్” అన్నవాళ్లే.

చూపించమనడంలో ఒక మెలకువ ఉంది. పరీక్ష పెడుతున్నట్టు అడిగితే మనిషి బిగుసుకుపోతాడు. “నేను సరిగ్గా చెప్పానో లేదో నాకు తెలియాలి, ఇంటికెళ్లి మీవాళ్లకు ఎలా చెబుతారో నాకు చెప్పండి” అంటే తప్పు నా మీద ఉంటుంది, వాళ్లు ధైర్యంగా నోరు విప్పుతారు. తప్పు చెబితే నేను మళ్లీ చెప్పాలి, వేరే మాటల్లో. నిజానికి అది మర్యాద కోసం అనే మాట కాదు. వాళ్లకు అర్థం కాకపోతే చెప్పిన నాదే తప్పు.

ఇప్పుడు అసలు గోడు. ఈ పనికి కేసు షీటులో గడి లేదు. ఇంజెక్షన్ ఇస్తే గడి ఉంది, సెలైన్ పెడితే గడి ఉంది, ఉష్ణోగ్రతకు గడి ఉంది. పావుగంట కూర్చుని ఒకరికి చేసి చూపించి, చేయించి, తప్పు దిద్దితే రాయడానికి చోటు లేదు. రాయనిది చేయనట్టే లెక్క కాబట్టి, ఒక పెద్ద ఆసుపత్రిలో నేనున్నప్పుడు తనిఖీకి వచ్చినవాళ్లు ‘ఈ సిస్టరు రోగులతో కబుర్లు చెబుతూ కూర్చుంటుంది’ అని రాసి వెళ్లారు. ఆ కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది. మేం ముగ్గురం పాదాలు చూడటం, ఇన్సులిన్ నేర్పడం బాగా పట్టుకున్నాక, వార్డులో మనుషులు చాలడం లేదని మమ్మల్ని తలో దిక్కుకూ వేశారు. కొత్తగా వచ్చిన అమ్మాయి చురుకైనదే, కానీ ఆమెకు ఒక్కో పూటకు ఇచ్చిన టోకెన్లు చూస్తే ఒక్కొక్కరికి మూడు నిమిషాలు కూడా రావు. మూడు నిమిషాల్లో టిక్కు పెట్టగలం. పొట్ట తడమలేం.

నర్సులు డాక్టర్ల పని లాక్కుంటారని కొందరు అంటారు. మోతాదు మార్చడం నా పని కాదని పై కథలో నేనే ఒప్పుకున్నాను, దెబ్బ తిని మరీ. అయితే శిక్షణ పొందిన నర్సులు ప్రాథమిక వైద్యంలో రోగులను చూసిన పరిశోధనలన్నీ కలిపి 2018లో, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్షించింది. ఫలితాలు డాక్టర్లు చూసినప్పటితో సమానంగానో, కొంచెం మెరుగ్గానో ఉన్నాయని తేల్చింది. రోగితో గడిపే సమయం మాత్రం నర్సుల దగ్గర ఎక్కువ. కొందరు దాన్ని ఖర్చు కింద చూస్తారు. నేను అదే చికిత్స అంటాను.

నేను అడిగేవి పెద్దవేం కావు. దీర్ఘకాలిక జబ్బుల ఓపీలో నేర్పడం కోసమే ఒక నర్సు ఉండాలి, కనీసం రెండేళ్లు ఆమెను కదపకూడదు. షీటులో ‘చేసి చూపించారు / చూపించలేదు’ అని ఒక గడి అచ్చు వేయాలి. డిశ్చార్జి అయినవాళ్లకు మూడో రోజు ఒక ఫోను వెళ్లాలి. అంతే.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. ఆ ఆరోగ్యం పేజీలో ఒక మూల 31 గళ్ల ఖాళీ పట్టిక వేయండి: తేదీ, బరువు, దిండ్లు. కత్తిరించి గోడకు అంటించుకుంటారు. మా ఓపీలో ఒకాయన పుస్తకం తెచ్చి చూపించేవారు, రెండేళ్లపాటు ఒక్క రోజు ఖాళీ లేదు, తొమ్మిది రోజులు తప్ప. “ఇదేంటి, ఇక్కడ రాయలేదు?” అన్నాను. “మీరు సెలవులో ఉన్నారుగా సిస్టర్, చూసేవాళ్లు లేరని రాయలేదు” అన్నారు.

ఇట్లు,
రిటైరైన ఒక స్టాఫ్ నర్సు